తడి ఆరకముందే



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు ప్రపంచ కళాచరిత్ర చదువుకున్నారు. ఈజిప్టు సమాధుల దగ్గర మొదలుపెట్టి పికాసో దాకా, అజంతా నుంచి అమృతా షేర్‌గిల్ దాకా వచ్చారు. పేర్లు, శైలులు, సంవత్సరాలు మీకు నాకన్నా బాగా గుర్తుండి ఉంటాయి. వాటి జోలికి ఎక్కువగా పోను. మీ అమ్మమ్మలు తమలపాకుకు రాసుకున్నది, పండగ ముందు మీ ఇళ్ల గోడలకు కొట్టించినది ఒకటుంది. ఆ సున్నం గురించి మాట్లాడదామని వచ్చాను.

కళాచరిత్రలో నాకు మొదటి పాఠం చెప్పింది మా ఊరి తాపీ మేస్త్రీ. మా ఊళ్లో పాత శివాలయం ఉంది. మంటపం కప్పు మీద ఎప్పటివో బొమ్మలుండేవి. చిన్నప్పుడు మా నాయనమ్మ ఒళ్లో వెల్లకిలా పడుకుని చూసేదాన్ని. పెళ్లికూతురు, చుట్టూ చెలికత్తెలు, ఒకామె చేతిలో అద్దం. నేను ఎమ్మే రెండో ఏడులో ఉండగా శివరాత్రికి ఇంటికి వెళ్లేసరికి కప్పంతా తెల్లగా మెరిసిపోతోంది. ఉత్సవాలకని గుడికి వెల్ల వేయించారు. ఏడుపు వచ్చింది. ఎవరిని అడగాలో తెలియక వెల్ల వేసిన మేస్త్రీ మీదే అరిచాను. ఆయన ఏమీ అనలేదు. నిచ్చెన తెచ్చి వేసి, ‘ఎక్కి చూడమ్మా’ అన్నాడు. తనూ ఎక్కి కప్పును గోటితో గీరి చూపించాడు. ‘కింద ఉన్నది గానుగ సున్నం. అద్దంలా నున్నగా ఉంది. నేనేసిన వెల్ల దాన్ని పట్టుకోదు. నాలుగు వానాకాలాలు పోతే పెచ్చులూడిపోద్ది. నీ బొమ్మలు ఎక్కడికీ పోవు’ అన్నాడు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన చెప్పింది మా పాఠ్యపుస్తకాల్లో లేదు. రాయిని బట్టీలో కాలిస్తే బరువు పోయి తేలికవుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి పొడిగా విచ్చుకుంటుంది. దాంట్లో ఇసుక పోసి ఎద్దుల గానుగలో రోజుల తరబడి రుబ్బాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నానేసిన నీళ్లు కలపాలి. గోడకెక్కాక అది నెమ్మదిగా మళ్లీ రాయవుతుంది. ‘మళ్లీ రాయవుతుంది’ అన్నప్పుడు ఆయన మాటలో ఎంత నమ్మకమో! ఆ మాట అక్షరాలా నిజమని తర్వాత చదువుకున్నాను. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే దాంట్లోంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. పూత పూశాక గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. ఆ పూత తడిగా ఉండగా నీళ్లలో కలిపిన రంగు వేశామంటే, రంగు కూడా ఆ రాయిలోనే బందీ అయిపోతుంది. జిగురు అక్కర్లేదు. ఇటలీ వాళ్లు ఫ్రెస్కో అనేది దీన్నే. ఆ మాటకు వాళ్ల భాషలో తాజా అని అర్థం.

ఇప్పుడు సిస్టీన్ చాపెల్ కప్పును ఒకసారి గుర్తు చేసుకోండి. 1508లో మైకెలాంజెలో ఆ పని మొదలుపెట్టేనాటికి ఆయనకు 33 ఏళ్లు. తాను శిల్పినని, చిత్రకారుణ్ని కానని మొత్తుకున్నా పోప్ వినలేదు. ఆయన కుంచె పట్టకముందే పియెరో రొసెల్లి అనే మేస్త్రీ పాత పూత చెక్కించి, కొత్త పూత పూయించాడు. ఆ మేస్త్రీ పేరు జమాఖర్చుల్లో మిగిలింది కాబట్టి మనకు తెలిసింది. ఆ గట్టి పూత మీద ఏ రోజుకు ఎంత బొమ్మ వేయగలరో అంత మేరకే పలచటి తడి పూత పూస్తారు. ఆ రోజు పనిని జోర్నాటా అంటారు. పొద్దున పూసింది సాయంత్రానికి బిగుస్తుంది, ఈలోగా అయిపోవాలి. అవకపోతే మిగిలిన పూతను చెక్కిపారేసి మర్నాడు కొత్తగా పూయాలి. గోడను ఏటవాలు వెలుతురులో చూస్తే నిన్నటి పూతకూ నేటి పూతకూ మధ్య అతుకు కనబడుతుంది. దేవుడి వేలి కోసం చేయి చాచిన ఆదాము నాలుగు రోజుల పని: తలకు ఒక రోజు, మొండేనికీ చేతులకూ ఒక రోజు, ఒక్కో కాలికి ఒక్కో రోజు. లోకం ఐదువందల ఏళ్లుగా నోరు తెరుచుకుని చూస్తున్న ఆ శరీరానికి అతుకులున్నాయి. ఆ సంగతి తెలిశాక నాకు ఆ బొమ్మ మీద భక్తి పెరిగింది. ఒక మనిషి మెడ వెనక్కి వాల్చి, కళ్లలో రంగు చుక్కలు పడుతుంటే, తడి ఆరకముందే ముగించాలని ఉరుకులు పెట్టడం అందులో కనిపించింది.

మొదట్లో మైకెలాంజెలోకు సున్నం అర్థం కాలేదు. ఫ్లారెన్స్ సున్నం అలవాటైన చేతికి రోమ్ సున్నం కొత్త. వేసిన బొమ్మకు బూజు పట్టింది. ఇది నా వృత్తి కాదని ముందే చెప్పాను కదా అని పోప్ దగ్గరకు పోయాడు. వాస్తుశిల్పి జూలియానో ద సంగల్లో వచ్చి చూసి, పూతలో నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పి, బూజు ఎలా వదిలించాలో నేర్పాడు. అప్పుడు పని సాగింది. మైకెలాంజెలో ఆ పరంజా మీద ఉండగానే, 1509లో, హంపీలో కృష్ణదేవరాయలు సింహాసనమెక్కాడు. ఆ తర్వాత అచ్యుతరాయల కాలంలో లేపాక్షి వీరభద్రాలయం నాట్యమంటపం కప్పు మీద, సున్నపు పూత మీదే, మన చిత్రకారులు కిరాతార్జునీయం గీశారు. మన పుస్తకాల్లో ఈ రెండు కప్పులూ వేరు వేరు అధ్యాయాల్లో ఉంటాయి. మధ్యలో రెండువందల పేజీల దూరం. రెండుచోట్లా పరంజాల కింద సున్నం కలిపిన మనుషులు ఒకరినొకరు చూసుకుని ఉంటే, మాట తెలియకపోయినా ఒకరి తట్టలో సున్నం ఒకరు వేలితో తీసి చూసి తలూపేవారని నాకు అనిపిస్తుంది.

సున్నం తొందరపెడుతుంది. ఆ తొందర లియొనార్డో ద వించీకి పడలేదు. వేసిన చోటే మళ్లీ మళ్లీ దిద్దుకోవడం ఆయన స్వభావం. అందుకని మిలాన్‌లో 1495-98 మధ్య ‘చివరి విందు’ను పొడి గోడ మీద వేశాడు. తడి పూత ఇచ్చే పట్టు దానికి దొరకలేదు. 1517లో చూసిన ఒక యాత్రికుడు అప్పటికే బొమ్మ చెడిపోవడం మొదలైందని రాశాడు. మన కాలంలో దాన్ని బాగుచేయడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టి, 1999లో ముగిసింది. వెనిస్‌లో మరో సంగతి. ఉప్పుగాలికి గోడబొమ్మలు నిలవకపోవడంతో అక్కడి చిత్రకారులు గుడ్డ వైపు తిరిగారు. గుడ్డ మీది బొమ్మను చుట్టి ఓడెక్కించవచ్చు, అమ్మవచ్చు. ఆ తర్వాత బజారు, జమీందార్ల హాళ్లు, మ్యూజియాలు. అదంతా మీరు చదివినదే.

ఇక సున్నం రెండో ముఖం. అది నాకు చెప్పడానికి కష్టంగా ఉంటుంది.

సున్నం కావాలంటే రాయి కాలాలి. పాలరాయి కూడా చక్కగా కాలుతుంది. వందల ఏళ్లపాటు రోమ్ నగరంలో పాత దేవాలయాల స్తంభాలు, చక్రవర్తుల విగ్రహాలు సున్నపు బట్టీల్లోకి పోయాయి. 1519 ప్రాంతంలో రఫాయెల్ పోప్ పదో లియోకు ఒక లేఖ రాశాడు. మనం చూస్తున్న ఈ కొత్త రోమ్ అంతా పాత పాలరాళ్లను కాల్చిన సున్నంతో కట్టిందేనని అందులో వాపోయాడు. ఆ మాట రాసినాయనే సెయింట్ పీటర్స్ చర్చి నిర్మాణానికి పెద్ద. పాత రాళ్ల మీద అజమాయిషీ పోప్ ఆయనకే అప్పగించాడు. తన చుట్టూ లేస్తున్న గోడల్లో ఏముందో తెలిసి రాసిన మనిషి.

ఆ లేఖ చదివిన రోజు నాకు అమరావతి గుర్తొచ్చింది. 1796లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త రాజధాని కట్టిస్తున్నాడు. ఇటుకలకూ రాళ్లకూ పనివాళ్లు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని కట్టడాల్లోకి, కోనేటి మెట్లకు పోయాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. అందరూ అమరావతి పాలరాయి అంటారు గానీ అది పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయి. బట్టీకి అంతకన్నా మంచి సరుకు ఏముంటుంది? తవ్విన కూలీలను నేను ఒక్క మాట కూడా అనను. వాళ్లకు అది రాయి. అది స్తూపమని వాళ్లకు చెప్పినవాళ్లెవరూ లేరు. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా పోయింది. మిగిలినవాటికి తన బృందంతో బొమ్మలు గీయించాడు. ఆ పలకల్లో కొన్ని ఇప్పుడు ఆ కాగితాల మీదే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ పోయాయి.

బ్రిటిష్ మ్యూజియంలో వాటిలో ఒక పలక ఉంది. మీలో ఎవరైనా వెళ్తే దాని చుట్టూ తిరిగి చూడండి. ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు పని. రెండోవైపు పూర్తి స్తూపం: ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఆకాశంలో గంధర్వులు. ఇది క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటిది. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాతి శిల్పి పాత పలకను తిప్పి, వెనకవైపు కొత్తది చెక్కాడు. పాత బొమ్మను చెరపలేదు, లోపలికి తిప్పి పెట్టాడు. మన స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో చూపించే రాళ్లలో ఇదొకటి, ఇది మన నేల మీద లేదు. దాని ముందు నిలబడి నేను రెండువైపులా బొమ్మ గీసుకున్నాను. సెల్‌ఫోను ఉంది, ఫొటో తీయవచ్చు. కానీ చేత్తో గీస్తేనే ఆ గంధర్వుడి మోకాలు ఎంత వంగిందో నాకు తెలిసింది.

చెరపడానికి పూసిన సున్నమే కాపాడిన సంగతులూ ఉన్నాయి. ఇంగ్లాండులో మతం మారిన రోజుల్లో చర్చిల్లో బొమ్మలు ఉండకూడదన్నారు. స్ట్రాట్‌ఫర్డ్ ఊళ్లో గిల్డ్ చాపెల్ బొమ్మలను చెరిపించడానికి 1563-64 లెక్కల్లో రెండు షిల్లింగులు ఖర్చు రాశారు. ఆ లెక్క జాన్ షేక్‌స్పియర్‌ది, విలియం షేక్‌స్పియర్ తండ్రిది. గోడలకు సున్నం కొట్టించారు. 1804లో ఆ సున్నం గీకితే చివరి తీర్పు బొమ్మ ఇంకా కిందే ఉంది. మా మేస్త్రీ మాట నాకు మళ్లీ వినిపించింది.

ఆధునిక కాలంలో సున్నం పని అయిపోయిందనుకోకండి. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా పారిస్‌లో ఏళ్ల తరబడి క్యూబిజం సాధన చేసినవాడు. 1920-21ల్లో ఇటలీ గోడలు తిరిగి చూసి మెక్సికో వెళ్లి, 1923 నుంచి విద్యాశాఖ భవనం గోడల మీద రైతులను, గని కార్మికులను తడి సున్నంపై నిలబెట్టాడు. మొదట్లో రంగుల్లో నోపాల్ రసం కలిపి చూశారు. నోపాల్ అంటే మన నాగజెముడు. అక్కడ నాగజెముడు, ఇక్కడ కరక్కాయ! ఆ పేజీ చదువుతుంటే మా మేస్త్రీ పక్కన కూర్చుని వింటున్నట్టే అనిపించింది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ గోడ మీద లెనిన్ ముఖం గీసినందుకు 1933లో రివేరా పని ఆపించారు. 1934 ఫిబ్రవరిలో ఆ గోడను చెక్కేశారు. ఫ్రెస్కో గుడ్డ కాదు, ఊడదీసి ఇంకోచోట తగిలించడానికి. గోడ పోతే బొమ్మ పోతుంది. అదే ఏడు మెక్సికో నగరంలో ఆయన దాన్ని మళ్లీ గీశాడు.

శాంతినికేతన్‌లో హిందీ భవన్ ఉంది. 1946-47లో వినోద్ బిహారీ ముఖర్జీ అక్కడ మూడు గోడల పైభాగమంతా మధ్యయుగపు సాధుసంతులను తడి పూత మీద చిత్రించాడు. పూర్తి పరిమాణంలో నమూనా గీసుకోలేదు. ఆయనకు ఒక కన్ను కనబడదు, రెండోదానికి చూపు చాలా తక్కువ. అంత దగ్గరగా గోడకు ముఖం ఆనించి గీసిన మనిషికి మొత్తం గోడ ఎలా కనబడిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నదిలా సాగుతుంది ఆ బొమ్మ. మరో పదేళ్లకు ఆ ఉన్న చూపూ పోయింది. పోయాక కూడా కాగితాలు కత్తిరించి బొమ్మలు చేస్తూనే ఉన్నాడు.

మీలో కొందరు పాఠాలు చెబుతారు, కొందరు మ్యూజియాల్లో చేరతారు, కొందరు బొమ్మలు వేస్తారు, కొందరు బ్యాంకు పరీక్షలు రాస్తారు. అందులో తప్పేమీ లేదు. ఎక్కడున్నా మీ ఊరి గుడి కప్పు మీద ఏముందో మీకు తెలుస్తుంది. మీ పక్కింటివాళ్లకు తెలియకపోవచ్చు. ఉత్సవాల ముందు ధర్మకర్తల సమావేశం జరిగేటప్పుడు వెళ్లి కూర్చోండి. కోపంగా వెళ్లకండి. నిచ్చెన తీసుకుని వెళ్లండి.

మా మేస్త్రీ ఇప్పుడు లేడు. ఆయన చెప్పినట్టే ఐదో వానాకాలానికి మంటపం కప్పు మీద అరచేతి వెడల్పు పెచ్చు ఊడింది. కింద ఒక కన్ను బయటపడింది. పొడవాటి కన్ను, చివర చెవి దాకా లాగిన కాటుక గీత. ఆమె అద్దం పట్టుకున్న చెలికత్తె అనుకుంటాను, తేల్చి చెప్పలేను. వెల్లను నెమ్మదిగా, గోరంత గోరంత తీయడం వచ్చిన మనిషి కావాలి. నా చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. రెండో కన్ను ఇంకా సున్నం కిందే ఉంది. గుడి తాళం పూజారి గారింట్లో ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక ఎప్పుడు వెళ్లినా ఇస్తారు.