ఒక్క గుక్కేగా అనుకోవద్దు

ఇంటర్ పరీక్షలు అయిపోయాయనో, స్నేహితుడి పుట్టినరోజనో మొదటిసారి మద్యం రుచి చూసే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. "ఒక్క బీరేగా, ఏమవుతుంది?" అంటారు. చాలా అవుతుంది.

మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది. మంచిచెడ్డలు బేరీజు వేసి, తొందరపాటును అదుపు చేసే ముందు భాగం అన్నిటికన్నా ఆలస్యంగా పక్వానికి వస్తుంది. ఆ వయసులో తాగే మద్యం జ్ఞాపకశక్తినీ, చదువు మీద ధ్యాసనూ దెబ్బతీస్తుంది. ఎంత చిన్నవయసులో మొదలుపెడితే వ్యసనం ముప్పు అంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 21 ఏళ్లలోపువారికి మద్యం అమ్మకూడదు.

తాగి పడిపోయిన పిల్లవాణ్ని "పడుకుంటే దిగిపోతుందిలే" అని వదిలేయకండి. పిలిచినా లేవకపోయినా, ఊపిరి మందగించినా, ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి గొంతుకు అడ్డుపడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏవీ పట్టించకండి. ఒంటరిగా వదలకండి.

అలవాటు ముదిరి రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. అందుకే డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే సలహా అడగవచ్చు.

అమ్మానాన్నలారా, వ్యసనం జబ్బు. దానికి వైద్యం ఉంది. తిట్టి, కొట్టి పిల్లల్ని దూరం చేసుకోకండి. దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆ మాట ఈ రాత్రే మొదలుపెట్టండి.