పాత సెంట్‌ఓఎస్ 7 సర్వర్ అప్‌గ్రేడ్: ముందు ప్లాన్, తర్వాతే పని

ఈ ఎపిసోడ్‌లో పాత లినక్స్ సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేయాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలో మాట్లాడుకుందాం. ఉదాహరణకి సెంట్‌ఓఎస్ 7 తీసుకుంటున్నాను.

ఇది 2014లో వచ్చింది. 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది. ఆ రోజు సర్వర్ ఏమీ ఆగిపోలేదండీ. అసలు చిక్కు అదే. వెబ్‌సైట్ తెరుచుకుంటోంది, బిల్లులు పడుతున్నాయి, "బాగానే ఉంది కదా, ఎందుకు కదపడం?" అంటారు. కానీ ఆ తేదీ తర్వాత బయటపడే సెక్యూరిటీ లోపాలకి ఆ ప్రాజెక్ట్ నుంచి అప్‌డేట్లు రావు.

మొదటి పని, లిస్ట్ రాయడం. ఏ సర్వీసులు నడుస్తున్నాయి, క్రాన్‌లో ఏమున్నాయి, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయి, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఎక్కడుంది, బయట నుంచి ఈ సర్వర్‌కి ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారు, అన్నీ రాయండి. రాత్రి రెండింటికి నడిచే చిన్న స్క్రిప్టే చాలాసార్లు మర్చిపోతాం.

రెండోది, అప్లికేషన్. సెంట్‌ఓఎస్ 7తో వచ్చేది పీహెచ్‌పీ 5.4, మరియాడీబీ 5.5, పైథాన్ 2.7. పాత కోడ్‌లో మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ లాంటి ఫంక్షన్లు ఉంటే, పీహెచ్‌పీ 7 నుంచి వాటిని తీసేశారు. కాబట్టి ఓఎస్ మార్చడం ఒక పూట పని అయినా, కోడ్ సరిచేయడానికి వారాలు పట్టొచ్చు. టైమ్ అక్కడ కేటాయించండి.

మూడోది, దారి ఎంచుకోవడం. ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేయడానికి ఆల్మాలినక్స్ వాళ్ల ఎలివేట్ అనే టూల్ ఉంది. అయినా వ్యాపారం నడిచే సర్వర్ అయితే నేను పక్కన కొత్త సర్వర్ పెట్టమనే చెప్తాను. ఆల్మాలినక్స్ 9 గానీ, రాకీ లినక్స్ 9 గానీ వేసుకోండి. రెండింటికీ 2032 మే వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. పని మధ్యలో ఏదైనా తేడా వస్తే పాతది చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు బ్యాకప్. దాన్ని కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేసి, లాగిన్ అయి, ఒక బిల్లు తీసి చూడండి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నమ్మొద్దు. ఈ రిహార్సల్‌కి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. అసలు రోజు ఎంతసేపు సర్వీస్ ఆపాలో అప్పుడు తెలుస్తుంది.

మారే రోజుకి ముందే డీఎన్ఎస్ టీటీఎల్‌ని 300 సెకన్లకి తగ్గించండి. ఆ రోజు పాత సర్వర్‌లో ఎంట్రీలు ఆపి, చివరి డేటా తెచ్చి, మీ టీమ్ మాత్రమే కొత్తదాన్ని చెక్ చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వెనక్కి వెళ్లే దారి. కస్టమర్ కొత్త సర్వర్‌లో మొదటి ఆర్డర్ పెట్టే వరకే అది సులువు. ఆ తర్వాత పాతదానికి వెళ్తే ఆ ఆర్డర్ అక్కడ ఉండదు. అందుకే ఎన్ని గంటలకల్లా సరిగా లేకపోతే వెనక్కి వెళ్దాం, ఆ మాట ఎవరు చెప్పాలి అనేది ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి, నిద్రమత్తులో, ఓనర్ ఫోన్ చేస్తున్నప్పుడు తీసుకునే నిర్ణయం కాదది.

అంతా కుదిరాక పాత సర్వర్‌ని వెంటనే చెరిపేయకండి. నెట్‌వర్క్ నుంచి తీసేసి, ఒక నెలాఖరు లెక్కలు పూర్తయ్యే దాకా ఉంచండి. ఈ వారం లిస్ట్ మొదలుపెట్టండి, చాలు.