వలలో పడ్డ తాబేలు చచ్చిందనుకోకండి



ఈవేళ తాబేలు మెదడు గురించి చెప్పుకుందాం. దాంతో మనకేం పని అంటారా? పని ఉంది. మన యానాం వాళ్లు గోదారి మీదుగా సముద్రంలోకి వేటకు వెళ్తారు. ఒక్కోసారి వలలో తాబేలు పడుతుంది. కదలదు, మెదలదు. చచ్చిందనుకుని నీళ్లలోకి విసిరేస్తారు. అది నిజంగా చచ్చిందా?

ముందు మన సంగతి చూద్దాం. మన మెదడు బరువు ఒంటి బరువులో నూటికి 2 పాళ్లే. కానీ మనం వాడుకునే ప్రాణవాయువులో ఐదో వంతు దానికే కావాలి. ప్రాణవాయువునే ఆక్సిజన్ అంటారు. అది అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు చెడిపోవడం మొదలవుతుంది.

ఎందుకని? ఆక్సిజన్ ఉంటే ఒంట్లోని చక్కెర నుంచి సుమారు 30 పాళ్ల శక్తి వస్తుంది. లేకపోతే 2 పాళ్లే వస్తుంది. పైగా లాక్టిక్ ఆమ్లం అనే పులుపు పేరుకుంటుంది. మెదడుకు ఖర్చు ఎక్కువ. రాబడి పడిపోతే తట్టుకోలేదు.

మరి తాబేలు ఏం చేస్తుంది? ఖర్చు తగ్గించుకుంటుంది. కిరోసిన్ తక్కువున్న రాత్రి లాంతరు వత్తి తగ్గిస్తాం కదండీ, అలాగే. మెదడు కణాలకు కంటికి కనపడని తలుపులుంటాయి. వాటిలోంచి లవణాలు లోపలికీ బయటికీ పోతుంటాయి. వాటిని మళ్లీ తోడిపోయడానికి చాలా శక్తి కావాలి. తాబేలు మెదడు ఆ తలుపులు చాలావరకు మూసేస్తుంది. అడినోసిన్, గాబా అనే రసాయనాలు మెదడును జోకొడతాయి. కాలేయంలో దాచిన చక్కెర కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. పేరుకున్న పులుపును డొప్పలోని సున్నం విరిచేస్తుంది.

ఉత్తర అమెరికా చెరువుల్లో పెయింటెడ్ తాబేలు అని ఒకటుంది. బాగా చల్లటి నీళ్లలో అది ఆక్సిజన్ లేకుండా మూడు నెలలకు పైగా బతకగలదు.

మన సముద్రపు తాబేలుకు అంత ఓర్పు లేదు. ఏటా గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లే తాబేలు. దానికి చేపలాగా మొప్పలు లేవు. పైకొచ్చి గాలి పీల్చాలి. వలలో చిక్కి గింజుకుంటే దాచుకున్న గాలి త్వరగా అయిపోతుంది. స్పృహ తప్పుతుంది. చాలాసార్లు దీపం తగ్గుతుందే గాని, ఆరిపోదు. అప్పుడే నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతుంది.

అందుకని ఇలా చేయండి:

వెల్లకిలా తిప్పకండి. బోర్లానే ఉంచండి.

వెనక భాగం అరడుగు ఎత్తులో పెట్టండి. ఊపిరితిత్తుల్లో నీళ్లు దిగుతాయి.

నీడలో ఉంచి, డొప్ప మీద తడిగుడ్డ కప్పండి. ముక్కు మూయకండి. నీళ్ల తొట్టిలో వేయకండి.

నాలుగు గంటల నుంచి 24 గంటల దాకా చూడండి. అప్పుడప్పుడు తోకను మెల్లగా తాకండి.

బాగా కదిలితే ఇంజను ఆపి, వల లేని చోట నెమ్మదిగా వదలండి.

ఈ ఆగడం తాబేలుకే సుమండీ! మునిగిన మనిషికి ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. వెంటనే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఆసుపత్రికి చేర్చాలి.

1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ తాబేలును చంపడం నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. ప్రాణం ఉందో లేదో తేలకుండా నీళ్లలో పారేయడం న్యాయమా?

ఈ పాఠాన్ని మీ బోటు వాళ్లకు చదివి వినిపించండి.