కుల్లాయి, కబాయి: అయిదేండ్లనాటి కుట్టుపని
(ఉగాది సభలో మహిళా విభాగము పక్షాన చదివిన ప్రసంగము)

 

ఈ సాయంకాలము ఇదే వేదికమీద భువనవిజయము జరుగబోతున్నది. కవులు చదివే పద్యాలను గురించి చెప్పడానికి పండితులున్నారు. వారు తొడిగే బట్టలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. బట్టల సంగతికి ప్రసంగమెందుకని మొదట సంకోచించాము. అయితే ఈ పది జతల బట్టలు 2020లో కత్తెర పడి, 2025లో కుట్టు ముగించుకొన్నవి. నడుమ అయిదేండ్లు ఇనుప పెట్టెలో నిద్రపోయినవి. మీ ఇండ్లలోను పెట్టెల అడుగున సగములో ఆగిన పనులు కొన్ని ఉండకపోవు. ఈ కథ విన్న తరువాత వాటిలో ఒకటి రెండైనా లేచి కూర్చుంటాయని ఆశపడి ఒప్పుకొన్నాము.

మన సంఘానికి భువనవిజయము కొత్త కాదు. ఇదివరలో మకమల్ అంగీలు, తళుకు రేకుల కిరీటాలు అద్దెకు తెచ్చేవారము. 1956 నాటి 'తెనాలి రామకృష్ణ', 1962 నాటి 'మహామంత్రి తిమ్మరుసు' చూచిన కన్నులకు రాయలంటే రామారావుగారే. ఆ రూపముమీద మాకు గౌరవము లేకపోలేదు. కాని మనమున్న చోటు ఎట్టిది? తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తి అయిన నాళ్ళలో కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాలనుంచి మన పెద్దలు వచ్చి ఈ ఎడమ కాలువ క్రింద క్యాంపులు వేసికొన్నారు. నదికి ఆ గట్టున హంపి, ఈ గట్టున ఆనెగొంది. రాయలు ఏలిన నేలమీద వరి పండించుకొంటూ, రాయలు తొడిగిన బట్ట ఏదో విచారించకుండా అద్దె బట్ట తొడిగించుట మనకు తగదని 2019లో ఒక మాట పుట్టింది. మాట పుట్టించినవారిమీదనే పని పడుట లోకసహజము గదా!

విచారించగా మాకు దొరికిన ఆధారాలు గట్టివే. మాలో ఆరుగురము లేపాక్షి వెళ్ళి వీరభద్రాలయము కప్పుమీది చిత్రాలను మెడలు పట్టుకొనిపోయేదాకా చూచాము. అచ్యుతరాయల కాలములో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. అక్కడ దేవుని సేవించే రాజోద్యోగుల తలలమీద నిలువుగా లేచిన పొడుగాటి టోపీ ఉన్నది. ఒంటిమీద పలుచని తెల్లని పొడుగు అంగీ ఉన్నది. టోపీ పేరు కుల్లాయి. పారసీకులు కులాహ్ అనేది అదే. అంగీ పేరు కబాయి. అరబ్బీ కబా నుంచి వచ్చినది. సుల్తానుల కొలువులలోని ఉడుపును విజయనగరపు దొరలు తమదిగా చేసికొని నిండు సభలో తొడిగినారు. తిరుమలలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచిన రాయల ప్రతిమను మీరందరు చూచే ఉంటారు. అక్కడ తలమీద కుల్లాయి ఉన్నది గాని ఒంటిమీద కబాయి లేదు. దేవుని ఎదుట అంగీ విప్పినారు, సభలో తొడిగినారు. ఈ తేడా తెలిసిన తరువాత మా పని తేలికయింది. భువనవిజయము సభయే గనుక రెండూ కావలసిందే.

రాయలు 1509 మొదలు 1529 వరకు ఏలినారు. 1520 ప్రాంతాన వారిని కన్నులారా చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్, రాజు తెల్లని బట్టలమీద బంగారు గులాబీలు అనేకముగా కుట్టినవి ధరించినాడనీ, తలమీద జలతారు టోపీ ఉన్నదనీ, పాదాలకు చెప్పులు లేవనీ వ్రాసినాడు. తరువాత వచ్చిన నూనిజ్ ఆ టోపీ పేరును తన భాషలో వినిపించినట్లుగా 'కులాయెస్' అని వ్రాసి, ఒక్కొక్కటి ఇరువది క్రుజాదోల విలువ చేసేదనీ, రాజు ఒకసారి తీసిన టోపీని మరల పెట్టుకొనడనీ కూడ చెప్పినాడు. ఇట్టి రాజు మన సంఘములో సభ్యుడు కాకపోవుట మా అదృష్టము!

కవులకు కుల్లాయి ఎందుకని మనవారే కొందరు అడిగినారు. శ్రీనాథుని పేర చెప్పుకొనే చాటువొకటి దానికి సమాధానము. తెలుగుదేశమునుంచి కన్నడ రాజ్యపు కొలువుకు వచ్చిన ఆ మహాకవి, ఇక్కడి మర్యాద ప్రకారము కుల్లాయి పెట్టుకొనవలసి వచ్చినదని, పెద్ద అంగీ తొడగవలసి వచ్చినదని, ఇక్కడి తిండి తినవలసి వచ్చినదని అందులో వాపోయినాడు. మన తాతలు మొదట ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు జొన్నరొట్టె ముందు కూర్చుని పడిన అవస్థ ఆయన ఆరువందల ఏండ్ల క్రిందనే పడినాడన్నమాట! ఇప్పుడు మన ఇండ్లలో జొన్నరొట్టె లేని వారము లేదు. కుల్లాయి సంగతి కూడ అంతే. మా వీధి చివర బట్టలు కుట్టే కన్నడ పెద్దాయనకు మేము గీసిన బొమ్మ చూపగానే, "ఇది కులావి గదమ్మా, మా అవ్వ పసిపిల్లలకు కుట్టేది" అన్నాడు. మన పిల్లలు మాత్రము "కుళాయిని తలమీద ఎందుకు పెట్టుకొంటారమ్మా, నీళ్ళు కారవూ?" అని అడిగినారు. ఆ ప్రశ్నకు నవ్వుకొన్నాము గాని, మాట మన ఇండ్లలో ఎంత దూరమైపోయిందో కూడ తెలిసి వచ్చింది.

ఇక కుట్టుపని. 2020 జనవరిలో రాయలకు, తిమ్మరుసుకు, ఎనమండుగురు కవులకు కలిపి పది కబాయిలకు సరిపడా సన్నని తెల్ల మల్లుబట్ట కొని కత్తిరించాము. ఎనమండుగురు కవులు ఒకే కాలములో రాయల కొలువులో లేరని చరిత్రకారులంటారు. పింగళి సూరన, రామరాజభూషణుడు తరువాతి కాలమువారు. ఆ సంగతి ఎరిగే, సభామర్యాదను అనుసరించి అందరికి కుట్టదలచినాము. రాయల కబాయిమీద జరీ గులాబీలు కుట్టే పనిని మేమందరము దొడ్డమ్మగారని పిలిచే పెద్దావిడ తీసికొన్నారు. మొత్తము 108 పువ్వులు వేయాలని ఆమె సంకల్పము. మూడు కబాయిలు పూర్తి అయినవి. ఏడు ముక్కలుగా ఉన్నవి. దొడ్డమ్మగారి గులాబీలు 31 పూసినవి. 32వది సగములో ఉన్నది. ఆ ఏడు ఉగాది మార్చి 25. ఆనాడే దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. పండుగ లేదు, సభ లేదు. బట్టలు మడిచి పెట్టెలో పెట్టాము. 2021లో, రెండవ విడత జబ్బు ముమ్మరముగా ఉన్న రోజులలో దొడ్డమ్మగారు మనలను విడిచి వెళ్ళినారు. తరువాత ఆ పెట్టె తెరవాలంటే ఎవరికీ చేయి రాలేదు.

2024 ఆషాఢములో ఒకసారి తెరిచాము. అంతలో ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయింది. జలాశయము ఖాళీ అవుతున్నదంటే మన క్యాంపులలో ఎవరికి నిద్ర పట్టింది? వారము తిరగకముందే నిపుణులు తాత్కాలికపు గేటు దింపి నీరు నిలిపినారు గాని, అప్పటికి సూది దారము ఎవరికి గుర్తున్నవి! పెట్టె మరల మూతపడింది.

ఈ సంక్రాంతినాడు కార్యవర్గము భువనవిజయము నిశ్చయించింది. అద్దె బట్టలకు బయానా పంపుదామా అని అడిగినారు. వద్దన్నాము. సంక్రాంతినుంచి ఉగాదికి 75 రోజులు. పొలాలు, ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు పోగా మాకు దక్కేవి ఉగాది ముందరి పది ఆదివారాలు. పనివారము 14 మందిమి. కాలి మిషన్లు రెండు. ఒక మిషనుమీద ఆదివారానికి ఒక కబాయి అవుతుంది. రెండిటిమీద నాలుగు ఆదివారాలలో ఏడు కబాయిలు. కుల్లాయిలు ఆదివారానికి మూడు చొప్పున మరి నాలుగు ఆదివారాలు. మిగిలిన రెండు ఆదివారాలు తొడిగి చూచుటకు, సవరించుటకు. కాగితముమీద లెక్క చక్కగా కుదిరింది. మార్చి 23 తరువాత ఇస్త్రీ తప్ప ఏ కొత్త పనీ పెట్టుకొనరాదని కూడ అప్పుడే కట్టడి చేసికొన్నాము.

పెట్టె తెరిచేసరికి తెల్లబట్ట మడతల వెంట పసుపువన్నె తిరిగి ఉన్నది. గుచ్చి ఉంచిన గుండుసూదులు తుప్పు మరకలు వేసినవి. కుంకుడు రసములో రెండు పూటలు నానవేసి ఉతికితే పసుపు విరిగింది. తుప్పు మరకలకు నిమ్మచెక్కతో ఉప్పు రుద్ది ఎండలో వేశాము. రెండు మూడు ఎండలకు పోయినవి.

అసలు చిక్కు మనుషులతో వచ్చింది. 2020లో కొలతలిచ్చిన కవులు ఇప్పుడు ఆ కవులు కారు. అప్పుడు పదునాలుగేండ్ల ముక్కు తిమ్మన ఇప్పుడు కళాశాల విద్యార్థి. పెద్దనగారికి నడుము చుట్టూ నాలుగంగుళాలు పెరిగింది. కత్తిరించిన బట్టను పెంచుటెట్లా? పైన చెప్పిన కన్నడ పెద్దాయన ఉపాయము చెప్పినాడు. రెండు ప్రక్కల కుట్టులలో చెరి రెండంగుళాల పట్టీ వేస్తే చుట్టుకొలత నాలుగంగుళాలు పెరుగుతుంది. చంక క్రింద నలుచదరపు ముక్క మూలగా వేస్తే చేయి ఎత్తినప్పుడు బట్ట పట్టదు. పద్యము చదివేవాడు చేయి ఎత్తక మానడు గనుక ఈ ముక్క పదింటికి వేశాము. ఇందులో మిగులు ఆదివారమొకటి పోయింది. రెండవది ఒక పెండ్లికి పోయింది.

కుల్లాయికి పదవ తరగతి చదివే పిల్లవాడు లెక్క వేసి ఇచ్చినాడు. 14 అంగుళాల వ్యాసార్ధముతో వృత్తము గీసి అందులో పావు భాగము తీసికొంటే దాని వంపు అంచు సరిగా 22 అంగుళాలు వస్తుంది. మనవారి తలలు చాలవరకు అంతే. కుట్టుకు అర అంగుళము చొప్పున వదలి, చుట్టి కుట్టితే 13½ అంగుళాల ఎత్తున నిలుస్తుంది. తల ఒక అంగుళము పెద్దదైతే వ్యాసార్ధము మూడింట రెండు వంతుల అంగుళము పెంచాలి. లోపల రెండు పొరల బక్రము, పైన జరీ. జరీకి మేము రూపాయి ఖర్చు పెట్టలేదు. చిరిగిపోయి కట్టుకొనుటకు పనికిరాని మా పెండ్లి పట్టుచీరల కొంగులు కోసి ఇచ్చుకొన్నాము. ఈ రాత్రి ధూర్జటి తలమీద మెరిసేది ఎవరి పెండ్లి చీరో ఆ ఇంటివారు పోల్చుకొంటారు గాక!

చివరకు మిగిలినది రాయల కబాయి. 108 పువ్వులు పూర్తి చేయుటకు వ్యవధి లేదు. మిషనుమీద కుట్టిన పువ్వులు బజారులో దొరుకుతవి, తెచ్చి అతికిద్దామని కొందరు అన్నారు. దొడ్డమ్మగారి 31 పువ్వుల ప్రక్కన అవి నిలువవని కొందరు అన్నారు. రెండు ఆదివారాలు వాదము నడిచింది. చివరకు ఆమె మనుమరాలే దారి చూపింది: రాయలు సింహాసనముమీద కూర్చుంటారు, వీపు ఎవరికీ కనబడదు, ముందుభాగానికి, చేతులకు 60 పువ్వులు చాలు. నలుగురు ఆడపిల్లలు దొడ్డమ్మగారి కుట్టును విప్పకుండా వెనుకనుంచి చూచి దారము నడక నేర్చుకొన్నారు. 32వ పువ్వులో ఆమె గుచ్చిన సూది అట్లాగే ఉన్నది. పాత జరీ కాస్త నల్లబడింది గనుక ఆ సగము విప్పి కొత్తగా కుట్టుదామా అన్న ప్రశ్న వచ్చింది. విప్పలేదు. ఆమె ఆపినచోటనుంచి కొత్త జరీతో పూర్తి చేశాము. రాయల ఎడమ భుజము దిగువ, సగము నలుపు తిరిగినది, సగము పచ్చగా మెరిసేది ఒక గులాబీ ఉంటుంది. దగ్గరగా కూర్చున్నవారు చూడవచ్చును. 60వ పువ్వు మార్చి 27, గురువారము రాత్రి ముగిసింది. మా కట్టడికి నాలుగు రోజులు ఎక్కువ పట్టినదన్నమాట. పండుగకు మాత్రము మూడు రోజులు మిగిలినవి.

ఇక మా విన్నపములు రెండు. ఈ బట్టలు ఇకమీదట సంఘపు ఆస్తి. ఏడాదికి రెండుసార్లు ఎండ చూపి, గుండుసూదులు తీసివేసి, వేపాకు వేసి, పాత నూలుచీరలలో చుట్టి పెట్టుటకు ఇద్దరిని నియమించవలెను. మన పిల్లలు చదివే కన్నడ బడులవారు నాటకానికి అడిగితే అద్దె లేకుండా ఇవ్వవలెను. రాయలు వారికి కూడ రాయలే. రెండవది: వీపు భాగానికి ఇంకా 48 పువ్వులు బాకీ ఉన్నవి. కుట్టు నేర్చుకొనదలచిన ఆడపిల్లలు గాని, మగపిల్లలు గాని ఆదివారము మధ్యాహ్నము సంఘ మందిరానికి రావచ్చును. జరీ మాది, సూది మాది. వచ్చిన పిల్లలకు కుల్లాయికి కుళాయికి తేడా కూడ చెప్పి పంపుతాము.