పంతులుగారి యోగ్యత, ఊరివారి బాధ్యత



"మా బడి పంతులుగారికి చదువు చెప్పుట వచ్చునా?" యని మీరు అడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. "ఆయనను చదువు చెప్పనిచ్చుచున్నామా?" యను ప్రశ్న మరియొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. ముప్పది యేండ్లు పల్లెబడులలో పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. ఈ రెండు ప్రశ్నలనుగూర్చి నేడు నాలుగు మాటలు మనవిచేసెదను.

మా తాతగారి కాలమున వీధిబడి పంతులుకు యోగ్యతాపత్రము లేదు. అరుగుమీద ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు వల్లెవేయించి, పంటలనాడు గింజలు పుచ్చుకొనెడివాడు. ఆయన సమర్థుడైనచో ఊరివారి అదృష్టము, కాడేని వారి ప్రారబ్ధము. పిల్లల చదువును అదృష్టమునకు విడువరాదనియే శిక్షణయు పరీక్షలును ఏర్పడినవి.

నేడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు కాగోరువాడు ఇంటర్మీడియటు పిదప రెండేండ్లు శిక్షణ పొందవలెను. 2010వ సంవత్సరము ఆగస్టు నెలలో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి వెలువరించిన ప్రకటన ననుసరించి అర్హత పరీక్షయందును నెగ్గవలెను. దీనినే మీ పిల్లలు టెట్ అందురు. దీనికి 150 మార్కులు. శిశువికాసము, రెండు భాషలు, గణితము, పరిసరముల విజ్ఞానము, ఒక్కొక్కదానికి 30. 2025 సెప్టెంబరు 1వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ముందునుండి పనిచేయుచున్నవారిని గూర్చియు తీర్పు చెప్పినది. పదవీ విరమణకు అయిదేండ్లకు మించి గడువున్నవారు రెండేండ్లలో ఈ పరీక్ష నెగ్గవలెనని దాని సారాంశము. నడివయస్సున మరల పరీక్షకు కూర్చుండుట కష్టమే. అయినను పిల్లవాని చదువునకు నష్టము రాకూడదను మాటను నేను కాదనజాలను.

ఇది పంతులు తీర్చవలసిన ఋణము. ఆయనకు మనము తీర్చవలసిన ఋణమును గూడ చట్టమే చెప్పుచున్నది. 2009 నాటి బాలల విద్యాహక్కు చట్టము ప్రకారము, అయిదవ తరగతి వరకుగల బడిలో పిల్లలు 60 మంది లోపున్నను ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను, 90 మంది వరకు ముగ్గురు. బడి సంవత్సరమునకు 200 దినములు నడువవలెను. జనాభా లెక్కలు, విపత్తులందు సహాయము, ఎన్నికలు, ఈ మూడింటికి తప్ప బడికి చెందని పనులకు పంతులును పంపరాదు. పంతులును ప్రైవేటు చెప్పి సొమ్ము గడింపరాదు.

ఈ చట్టము రాకముందు జరిగిన సంగతి యొకటి చెప్పెదను. నేనున్న బడిలో అయిదు తరగతులు, నలుబదిమంది పిల్లలు, నేనొక్కడనే పంతులును. ఒక మాసమున జాబితాలు వ్రాయుటకని, సమావేశములకని నన్ను తొమ్మిది దినములు బయటికి పిలిచిరి. ఆ తొమ్మిది దినములును బడికి తాళమే. మూడవ తరగతి బాలిక యొకతె రాక మానినది. ఇంటికి వెళ్లి అడిగితిని. తండ్రి నన్ను నిందింపలేదు. "మీరుండే రోజేదో, లేని రోజేదో మాకు తెలియదు పంతులుగారూ. అందుకే మిరపచేనికి తీసుకుపోతున్నాను" అనెను. నాకు శిక్షణ కలదు, యోగ్యతాపత్రము కలదు. ఆ చిన్నదానికి మాత్రము పంతులు లేకపోయెను. ఆమె మరల బడికి రాలేదు. ఆ తప్పులో నా భాగమును గలదు. పిలిచిన ప్రతిసారియు తాళము వేసి పోయితినే గాని, ఊరి పెద్దలను కూర్చి "ఇట్లు జరుగుచున్నది" అని ఒక్కనాడును చెప్పనైతిని.

కావున మీకు నా మనవి. పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడు పాళ్లు పిల్లల తలిదండ్రులే యుండవలెనని చట్టము. ఆ సంఘము కాగితముపై మాత్రమే యుండనీయకుడు. పంతులు వేళకు రాకున్న నిలదీసి అడుగుడు. ఆయనను బడివేళ ఇతర పనులకు పిలిచినచో మండల విద్యాధికారికి అందరును చేవ్రాలు చేసి విన్నపము పంపుడు. పంతులమ్మ దూరమునుండి వచ్చునదైన బస్సువేళ కనుగొనుడు, బడిలో మరుగుదొడ్డియు మంచినీరును గలవో లేవో చూడుడు. ఇవి ఉపకారములు కావు, మీ మనుమల చదువునకు పెట్టుబడి.

రేపు ఉదయము చేనికి పోవుచు ఒక్క నిమిషము బడియొద్ద నిలువుడు. పిల్లలెందరో, పంతుళ్లెందరో లెక్కింపుడు. ఆ లెక్కతో సంఘమునకు పోయి మాట మొదలుపెట్టుడు.