హిట్టు లేని సుప్రీమ్స్

సుప్రీమ్స్ అనగానే అందరూ డయానా రాస్ పేరే చెప్తారు. నాకు మాత్రం ముందు ఫ్లోరెన్స్ బల్లార్డ్ గుర్తొస్తుంది.

డెట్రాయిట్‌లో ప్రభుత్వం కట్టించిన బ్రూస్టర్ ఇళ్ళలో పెరిగిన అమ్మాయిలు వీళ్ళు. మోటౌన్ కంపెనీకి వెళితే, ముందు హైస్కూలు పూర్తి చేసి రండి అన్నాడు యజమాని బెర్రీ గోర్డీ. అయినా వీళ్ళు రోజూ స్టూడియోకి వెళ్ళి కూర్చునేవారు. ఎవరి పాటకో చప్పట్లు కావాలంటే కొట్టేవారు. 1961లో కాంట్రాక్టు దొరికింది గానీ, మూడేళ్ళపాటు పెద్ద హిట్టే లేదు. కంపెనీలోనే ‘హిట్టు లేని సుప్రీమ్స్’ అని ఎగతాళి చేసేవారట.

1964లో ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ వచ్చింది. అసలది మార్వెలెట్స్ వద్దన్న పాట! వీళ్ళకీ నచ్చలేదు, అయిష్టంగానే పాడారు. ఆ వేసవిలో డిక్ క్లార్క్ బృందంతో బస్సులో ఊరూరా తిరుగుతున్నారు. ప్రకటనలో వీళ్ళ పేరు కూడా లేదట, ‘మరికొందరు’, అంతే. ఆగస్టుకల్లా పాట నంబర్ వన్. అక్కణ్ణుంచి వరసగా అయిదు నంబర్ వన్‌లు.

మేరీ విల్సన్‌ని గ్రూపులోకి తెచ్చింది ఫ్లోరెన్సే. సుప్రీమ్స్ అనే పేరు ఎంచుకున్నదీ ఆమే. 1967లో ఆమెనే తీసేశారు. 1976లో, 32 ఏళ్ళకే పోయింది. అప్పటికీ ఆ పేరు మీద రికార్డులు వస్తూనే ఉన్నాయండీ.