మొదటి వెల్డింగ్ మిషన్ కొనే ముందు

(సికింద్రాబాద్‌లో జరిగిన మన సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది చిన్న సంగతిలా కనబడుతుంది. కానీ అదునులో మన పని ఆపేది ఇలాంటివే. దుక్కి మధ్యలో కల్టివేటర్ ఫ్రేమ్ పగులుతుంది. దమ్ము చేసే రోజున కేజ్ వీల్ పట్టీ ఊడుతుంది. మండల కేంద్రానికి మోసుకుపోతే అక్కడ అప్పటికే పది మంది కూర్చొని ఉంటారు. ట్రాక్టర్ కిరాయి పోతుంది, కూలి పోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా అదును పోతుంది.

అందుకే ఊళ్ళలో చాలామంది రైతులు, ముఖ్యంగా యువకులు, సొంతంగా వెల్డింగ్ మిషన్ కొంటున్నారు. కొందరు సరదాకు మొదలుపెట్టి దొడ్డి గేట్లు, మంచాలు, గడ్డి కోసే మిషన్‌కు స్టాండ్లు చేసుకుంటున్నారు. మంచిదే. ఊరి కమ్మరి, ఊరి వెల్డర్ల కడుపు కొట్టమని మేం చెప్పడం లేదు. చిన్న మరమ్మతు మనం చేసుకుందాం. పెద్ద పని వాళ్ళకే ఇద్దాం. పని నేర్చుకోవలసింది కూడా వాళ్ళ దగ్గరే.

ముందు మిషన్ సంగతి. ఇవాళ తరగతికి వచ్చిన మీరంతా రేపు ఎలాగూ రాణిగంజ్ వైపు వెళ్తారు. ఎం.జి. రోడ్డు, మన పెద్దలు జేమ్స్ స్ట్రీట్ అనేవారు, అక్కడి నుంచి రాణిగంజ్ దాకా మోటార్లు, బేరింగులు, వెల్డింగ్ సామాను దుకాణాలే. వెళ్ళగానే మూడు నాలుగు రకాలు చూపిస్తారు. పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ మొండిది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కానీ ఇద్దరు పట్టి లేపాలి, కరెంటు బాగా లాగుతుంది. గ్యాస్‌తో నడిచే మిగ్, టిగ్ రకాలకు సిలిండర్ కావాలి. ఆరుబయట గాలికి ఆ గ్యాస్ నిలవదు. మొదటిసారి కొనే రైతుకు సరిపోయేది రాడ్డుతో పనిచేసే ఇన్వర్టర్ మిషన్. సింగిల్ ఫేజ్ మీద నడుస్తుంది, ఒక చేత్తో పట్టుకుపోవచ్చు.

డబ్బా మీద 200 ఆంపియర్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని చూసి మోసపోవద్దు. డ్యూటీ సైకిల్ ఎంత అని అడగండి. 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్క్ కొట్టి నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. దుకాణదారు ఆ మాట చెప్పలేకపోతే పక్క దుకాణానికి వెళ్ళండి. మన పనికి రెండు సైజుల రాడ్డు చాలు. 2.5 ఎం.ఎం. రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15 రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు కావాలి. అంటే నిజంగా 140, 150 ఇచ్చే మిషన్ ఉంటే మన సేద్యం సామానుకు లోటు లేదు. కొత్తవాళ్ళు 6013 రకం రాడ్డుతో మొదలుపెట్టాలి, సులువుగా అంటుకుంటుంది. ప్యాకెట్ మీద ఐ.ఎస్. 814 అని, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా చూడండి. రాడ్లకు చెమ్మ తగలనివ్వద్దు.

మన ఊళ్ళలో ఓల్టేజీ సంగతి మీకు తెలుసు. సాయంత్రం అందరి మోటార్లు తిరిగితే లైటు కూడా మినుకుమంటుంది. తక్కువ ఓల్టేజీలో ఎంతవరకు పనిచేస్తుందో అడిగి, గ్యారంటీ కార్డు మీద, జీఎస్టీ బిల్లు మీద దుకాణం ముద్ర వేయించుకోండి. రిపేరు కేంద్రం మన జిల్లాలో ఉందో లేదో అక్కడే తేల్చుకోండి. ఇంట్లో ఫ్యాను ప్లగ్గుకు మిషన్ తగిలించొద్దు. దానికి వేరే లైను, రాగి తీగ, 32 ఆంపియర్ల ఎం.సి.బి., సరైన ఎర్తింగ్ ఉండాలి. స్తంభం మీద తీగలకు కొక్కేలు వేసి వెల్డింగ్ చేసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణం తీసే పని. మన సంఘం కార్యకర్త ఎవరూ చేయకూడదు, చేస్తుంటే చూస్తూ ఊరుకోకూడదు.

ఇక అసలు విషయం. మిషన్‌కు ఏడెనిమిది వేలు పెట్టే రైతు, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి చలువ అద్దాలు చాలంటాడు. చాలవు. ఆర్క్ వెలుగు మంట వెలుగు లాంటిది కాదు, అందులో కంటి పైపొరను కాల్చే కిరణాలుంటాయి. అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, అర్ధరాత్రి, కంట్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు. అప్పుడు చనుబాలు, పటిక నీళ్ళు, ఆకు పసర్లు పోసేవాళ్ళున్నారు. ఏదీ పోయొద్దు. కన్ను నలపొద్దు. తెల్లవారగానే డాక్టరుకు చూపించండి. మందుల షాపులో ఇచ్చే మొద్దుబార్చే చుక్కలు సొంతంగా వాడొద్దు.

ముఖమంతా కప్పే మాస్కు కావాలి. అద్దం నంబరు 10 గానీ 11 గానీ ఉండాలి. ఆర్క్ కొట్టగానే దానంతట అదే నల్లబడే హెల్మెట్లు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. కొత్తవాళ్ళకు అవే మేలు, మాటిమాటికీ మాస్కు ఎత్తే పని ఉండదు. కొనేముందు దుకాణంలోనే ఆర్క్ కొట్టించి చూసుకోండి. మోచేతి దాకా వచ్చే తోలు గ్లౌజులు, తోలు ఏప్రాన్, మూసి ఉండే బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా. లుంగీ, చెప్పులు, పాలిస్టర్ బట్టలు వద్దు. అక్కలారా, సింథటిక్ చీరతో దగ్గర నిలబడి పట్టుకోవడం కూడా వద్దు, ఆ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది. గ్రైండర్‌కు వేరే కళ్ళద్దాలు పెట్టుకోవాలి, దాని గార్డు ఊడదీయొద్దు. చుట్టూ చేరే పిల్లల్ని దూరం పంపండి. వెలుగు వాళ్ళ కళ్ళకూ తగులుతుంది.

పొగ సంగతి. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. మూసిన కొట్టంలో చేయొద్దు. గాలి పక్క నుంచి వచ్చి పొగను మన ముఖం మీద నుంచి తీసుకుపోయేలా నిలబడాలి. బోరుకు వాడే జీఐ పైపు మీద జింకు పూత ఉంటుంది. అది కాలిన పొగ పీలిస్తే సాయంత్రానికి చలి జ్వరం వస్తుంది. అతికే చోట పూతను గ్రైండర్‌తో గీకేయాలి, ఆ దుమ్ము కూడా పీల్చకుండా.

చేయకూడని పనులు నాలుగు. ఒకటి, డీజిల్ డ్రమ్ము, పురుగుమందు డబ్బా ఖాళీగా ఉన్నా దానికి నిప్పు చూపొద్దు. లోపలి ఆవిరి బాంబులా పేలుతుంది. రెండు, తడి నేల మీద, చెమటకు తడిసిన గ్లౌజులతో రాడ్డు పట్టొద్దు. మూడు, ట్రాక్టర్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు ముందు బ్యాటరీ తీగ తీసేయండి. ఎర్త్ క్లాంపు అతికే చోటికి దగ్గరగా వేయండి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. నాలుగు, గడ్డివాము దగ్గర పని పెట్టొద్దు. నీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకోండి, పని అయ్యాక అరగంట అక్కడే కనిపెట్టుకొని ఉండండి.

ఇంకొక మాట చాలా ముఖ్యం. ట్రాలీ హుక్కు, స్టీరింగు, బ్రేకు భాగాలను కొత్తవాళ్ళు అతకొద్దు. ఆ ట్రాలీలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు కూర్చుంటారు. మన అతుకు ఊడితే పోయేది వాళ్ళ ప్రాణాలు. బీడు ఇనుము మామూలు రాడ్డుకు నిలవదు. అలాంటివి చేయి తిరిగిన వెల్డర్‌కే ఇవ్వాలి. మొదటి నెల తుక్కు ఇనుము మీదే చేయి సాధన చేయాలి.

ఒక్కొక్కరూ కొనలేకపోతే ఐదారుగురు కలిసి కొనండి. మాస్కులు మాత్రం రెండు ఉండాలి, పని చేసేవారికి ఒకటి, పట్టుకునేవారికి ఒకటి. మాస్కు లేకుండా మిషన్ ఇవ్వం అని మొదటి రోజే నియమం పెట్టుకోండి.

చివరిగా, ప్రభుత్వాలను అడగవలసింది అడుగుదాం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. దాన్ని బాగుచేసే వెల్డింగ్ మిషన్ మీద మాత్రం 18 శాతం కడుతున్నాం. రైతు కొన్నప్పుడే కాదు, బాగుచేసుకున్నప్పుడూ రైతే. యంత్ర పరికరాల అద్దె కేంద్రాల్లో వెల్డింగ్ సెట్టు, రక్షణ సామగ్రి ఉంచాలని, ఐ.టి.ఐ.ల్లో వేసవిలో రైతులకు పది రోజుల శిక్షణ ఇవ్వాలని మండల కమిటీలు తీర్మానాలు చేసి పంపాలి. మీ ఊళ్ళో వెల్డింగ్ మిషన్లు ఎన్ని ఉన్నాయో, మాస్కులు ఎన్ని ఉన్నాయో లెక్కరాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. ఆ లెక్కతోనే కలెక్టర్లను కలుద్దాం.